కట్టినవాడికి మూడు వేలు, కట్టనివాడికి నాలుగు వేలు

గుంటూరు వైపు ఓ స్పిన్నింగ్ మిల్లులో 2004లో చేరి, 2024లో 58 ఏళ్లకి రిటైరైన మనిషిని ఊహించుకోండి. ఇరవై ఏళ్లూ ప్రతి నెలా పీఎఫ్ కట్ అయింది, ఆఖరికి వచ్చేసరికి బేసిక్, డీఏ కలిపి పదిహేను వేలు దాటింది. ఈయనకి పీఎఫ్ ఆఫీసు నుంచి నెలనెలా వచ్చే పెన్షన్ లెక్కేస్తే మూడు వేల చిల్లర తేలుతుంది. ఇరవై ఏళ్లు నిండినందుకు కలిపే రెండేళ్ల బోనస్ సర్వీసు వేసుకున్నా మూడున్నర వేలు దాటదు. అదే వీధిలో, జీవితమంతా కూలి పనులు చేసుకుని, ఏ పీఎఫ్ మొహమూ చూడకుండా అరవై దాటిన పెద్దాయనకి ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్తాడు.

ఈ మాట అనగానే గొడవ మొదలవుతుంది. ఒకరేమో ఉచితాలిచ్చి రాష్ట్రాన్ని దివాలా తీయిస్తున్నారంటారు, ఇంకొకరు ముసలివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కుంటారా అని మీదికొస్తారు. నాకు మాత్రం ఆ నాలుగు వేలు ఎక్కువని ఎప్పుడూ అనిపించలేదు. బియ్యం రేషన్‌లో వచ్చినా, పప్పు, నూనె, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు కలిపితే నెల తిరక్కుండానే అయిపోయే డబ్బు అది. అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ రెండు పెన్షన్లనీ ఎవరు పెంచుతారు, ఎప్పుడు పెంచుతారు, పెంచకపోతే ఎవరికి టెన్షన్? మన దేశంలో వృద్ధాప్య భద్రత అని పిలుచుకునే ఈ కలగాపులగమంతా ఆ ఒక్క ప్రశ్నతో చాలావరకు విడిపోతుంది.

పాత పద్ధతిలో రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి సంగతి తేలిక. ఆఖరి జీతంలో సగం పెన్షన్, దాని మీద ధరలని బట్టి పెరిగే కరువు భత్యం. భత్యం బకాయిల కోసం సంఘాలు ధర్నాలు చేయాల్సి రావచ్చు గానీ, పెరగాలన్న సూత్రం మాత్రం లోపలే ఉంది. కేంద్రంలో 2004 జనవరి 1 తర్వాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకి అది పోయి సీపీఎస్ (కేంద్రంలో దాని పేరు ఎన్‌పీఎస్) వచ్చింది. అంటే ఉద్యోగి కొంత, ప్రభుత్వం కొంత వేసిన నిధి మార్కెట్లో పెరిగి, రిటైరయ్యాక అందులో కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా డబ్బిచ్చే బీమా పాలసీ, కొనుక్కోవడం. చేతికి ఎంత వస్తుందో ముందు చెప్పే నాథుడు లేడు. ఆ కోపం చిన్నది కాదు కాబట్టే 2023లో ఆంధ్రప్రదేశ్ జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) పేరుతో చట్టం చేసింది, కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) తెచ్చింది. యూపీఎస్‌లో పాతికేళ్ల సర్వీసుంటే ఆఖరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం, పదేళ్లకి తక్కువ కాకుండా పనిచేస్తే కనీసం పదివేలు. సంఘం ఉన్నవాళ్లు కాబట్టి ఇరవై ఏళ్లు పట్టినా సగం వెనక్కి లాక్కోగలిగారు.

ఇప్పుడు ఉచిత పెన్షన్. దేశవ్యాప్త పథకంగా ఇది 1995 ఆగస్టు 15న మొదలైనప్పుడు కేంద్రం ఇచ్చింది నెలకి రూ. 75. మన పల్లెల్లో డెబ్భై ఐదు రూపాయల పింఛను అంటే గుర్తుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత అది రూ. 200 అయింది, 2007లో ఇందిరా గాంధీ పేరు పెట్టారు, 2011లో అర్హత వయసు 65 నుంచి 60కి దించి, 80 దాటినవాళ్లకి రూ. 500 చేశారు. అంతే, అక్కడే ఆగిపోయింది. అరవై నుంచి డెబ్భై తొమ్మిది మధ్యలో ఉన్న పేద వృద్ధుడికి ఢిల్లీ నుంచి వచ్చే వాటా ఈ రోజుకీ రెండు వందలే. ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఎన్ని బడ్జెట్‌లు వచ్చినా ఆ అంకె కదల్లేదు. దేశం మొత్తం మీద ఈ కేంద్ర పథకం కిందికి వచ్చే వృద్ధులు రెండు కోట్ల ఇరవై లక్షల మంది దాకా ఉంటారు. 2011 లెక్కల నాటికే అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైన ఉన్న దేశంలో ఇది ఏ మూలకి?

మరి మన నాలుగు వేలు ఎక్కడివి? రాష్ట్రానివి, ఇంకా సూటిగా చెప్పాలంటే ఎన్నికలవి. 2014 దాకా ఉమ్మడి రాష్ట్రంలో రూ. 200. విభజన అయిన ఏడాదే ఆంధ్రలో చంద్రబాబు, తెలంగాణలో కేసీఆర్ ఇద్దరూ వెయ్యి చేశారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రలో రెండు వేలైంది, జగన్ వచ్చి 2,250తో మొదలుపెట్టి విడతలవారీగా పెంచుతూ 2024 జనవరికి మూడు వేలకి తెచ్చారు, ఆ ఏడాది జూలైలో కూటమి ప్రభుత్వం నాలుగు వేలు చేసి, ఏప్రిల్ నుంచి రావాల్సిన తేడా కూడా కలిపి ఒకేసారి ఏడు వేలు పంచింది. ఆ రోజు ఊళ్లలో కొట్టుల దగ్గర పాత బాకీలు ఎన్ని తీరాయో గానీ, ఏ ఆర్థికవేత్తా చెప్పలేని విషయం ఒకటి జనానికి అర్థమైంది: పింఛను పెరిగేది ధరలు పెరిగినప్పుడు కాదు, పోటీ పెరిగినప్పుడు. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో రూ. 2,016 అయింది, 2022లో అర్హత వయసు 57కి దించారు, 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ చేయూత కింద నాలుగు వేలు చేస్తామంది. గెలిచి ఏడాది దాటాక కూడా అది రూ. 2,016 దగ్గరే ఉంది. కృష్ణా నదికి ఇటు ఒడ్డున ఒక రేటు, అటు ఒడ్డున ఇంకో రేటు, ముసలితనం మాత్రం రెండు ఒడ్డులా ఒకటే.

ఆంధ్రలో వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు అందరూ కలిపి 60 లక్షల మందికి పైగా, నెలకి దాదాపు రూ. 2,700 కోట్లు. ఇందులో కేంద్రం వాటా చాలా చిన్నది. అంచేత రాష్ట్రం చేతిలో మిగిలిన ఏకైక బ్రేకు ఏమిటంటే, లిస్టులోంచి పేర్లు తగ్గించడం. అసలు కథ అంతా ఇక్కడుంది.

అర్హత నిబంధనలు చదివితే అవి వృద్ధుడి గురించి రాసినట్టు ఉండవు, వృద్ధుడి ఇంటి గురించి రాసినట్టు ఉంటాయి. ఆంధ్రలో చూస్తే, ఇంటి ఆదాయం పల్లెలో నెలకి పది వేలు, పట్నంలో పన్నెండు వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు మించకూడదు. నెలకి 300 యూనిట్ల కరెంటు మించకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్ తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లుండకూడదు, ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. చదవడానికి సబబుగానే ఉన్నాయి. కానీ ఒక ఇంట్లోకి వెళ్లి చూడండి. తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఒకే రైస్ కార్డు. కొడుకు హోమ్ లోన్ కోసమని ఐటీ రిటర్ను వేశాడు, లేదా అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, లేదా ఎండాకాలం ఏసీ వేసుకుంటే బిల్లు 300 యూనిట్లు దాటింది. తల్లికి పింఛను ఆగింది. ఆ కారులో ఆవిడ ఎప్పుడైనా ఎక్కిందో లేదో, కొడుకు ఆవిడకి నెలకి వంద రూపాయలైనా ఇస్తాడో లేదో కంప్యూటర్‌కి తెలీదు. కార్డులో పేరుంది కాబట్టి కొడుకు సంపాదన తల్లిది కూడా అని దాని లెక్క.

అప్పుడేం చేస్తారు? కార్డు విడగొట్టుకుంటారు. ఒకే గడప, ఒకే పొయ్యి, కాగితం మీద మాత్రం రెండు కుటుంబాలు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు, నేననను. మనిషిని చూడాల్సిన చోట ఇంటిని చూసే నిబంధన పెడితే, జనం ఇంటినే రెండు చేస్తారు. ఇంకో చిత్రం, ముసలాయనా ముసలావిడా ఇద్దరూ అరవై దాటినా సాధారణంగా ఇంటికి ఒక్కటే పింఛను. ఆయన పోతే తప్ప ఆవిడ పేరు మీదికి రాదు.

వయసు నిరూపణ ఇంకో తలనొప్పి. ఆ తరంలో పుట్టిన తేదీ కాగితం మీద ఉన్నవాళ్లు తక్కువ. ఆధార్ తీసేటప్పుడు ఆపరేటర్ "ఎన్నేళ్లుంటాయమ్మా" అని అడిగి, మొహం చూసి ఒక సంవత్సరం కొట్టి, తేదీ దగ్గర జనవరి 1 పెట్టేశాడు. మన ఊళ్లలో సగం మంది ముసలివాళ్లు జనవరి 1నే పుట్టినట్టుంటారు. అప్పుడు సరదాగా పడిన ఆ అంకె నాలుగేళ్లు తక్కువ పడితే, నాలుగేళ్ల పింఛను పోయినట్టే. పుట్టిన తేదీ దిద్దించుకోవాలంటే రుజువు కాగితం కావాలి, ఆ కాగితం లేకే కదా ముందు ఆ తేదీ పడింది.

ఇక వేలిముద్రలు. జీవితమంతా నాట్లు వేసి, కుప్ప నూర్చి, గిన్నెలు తోమి అరిగిన వేళ్లని మెషిన్ గుర్తుపట్టదు. కంటిపాప, మొహం గుర్తింపు వచ్చాక కాస్త నయం. ఇంటికి తెచ్చివ్వడం ఎంత పెద్ద విషయమో 2024 ఏప్రిల్‌లో అందరికీ తెలిసింది. అప్పటిదాకా ఇంటింటికీ పంచుతున్న గ్రామ, వార్డు వాలంటీర్లని ఎన్నికల సంఘం పంపిణీ నుంచి తప్పించడంతో ఆ నెల ముసలివాళ్లు ఎండలో సచివాలయాల దగ్గర పడిగాపులు పడ్డారు, మే నెలలో బ్యాంకులో వేస్తే ఆ క్యూ ఇంకో రకం. తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. నాకు మాత్రం అందులో కనిపించింది ఒకటే, నాలుగు వేలో మూడు వేలో అన్నది ఎంత ముఖ్యమో, అది గడప దాకా రావడం కూడా అంతే ముఖ్యం. ఇప్పుడు సచివాలయం సిబ్బంది ఇస్తున్నారు, రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెల కలిపి తీసుకునే వెసులుబాటు కూడా పెట్టారు. కూతురింటికి వెళ్లిన అమ్మ ఒకటో తారీఖు కోసం బస్సెక్కి పరిగెత్తుకు రావాల్సిన పని తప్పింది.

సరే, మళ్లీ మన మిల్లు ఆయన దగ్గరికి. ఆయన పెన్షన్ పేరు ఈపీఎస్-95, అంటే ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995 నవంబర్ 16న మొదలైంది. యజమాని వేసే 12 శాతంలో 8.33 శాతం ఈ ఖాతాకి వెళ్తుంది, కానీ అసలు జీతం మీద కాదు, గరిష్ఠ పరిమితి మీద. 2014 ఆగస్టు దాకా ఆ పరిమితి రూ. 6,500, సెప్టెంబర్ నుంచి రూ. 15,000. అంటే మీకు నలభై వేలు జీతం వస్తున్నా పెన్షన్ ఖాతాలో పడేది నెలకి గరిష్ఠంగా రూ. 1,250. సూత్రం కూడా సింపుల్, పెన్షన్ లెక్కకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 2014కి ముందు పదేళ్లని 6,500 మీద, తర్వాత పదేళ్లని 15,000 మీద లెక్కేస్తే 928, 2,143 కలిపి మూడు వేల డెబ్భై చిల్లర. మీ ఫోన్లో మీరే చేసి చూసుకోండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇరవై ఏళ్లలో యజమాని వాటాగా ఆ ఖాతాలో పడింది వడ్డీ కాకుండా రెండు లక్షల పదిహేను వేలు. దానికి బదులుగా బతికున్నంతకాలం నెలకి మూడు వేల పైన, ఆయన తర్వాత భార్యకి అందులో సగం. లెక్కప్రకారం ఇదేం దోపిడీ కాదు. లోపం రెండు చోట్ల ఉంది. మొదటిది, పరిమితిని పదేళ్లకి పైగా కదల్చకపోవడంతో వేసేదే తక్కువ. రెండోది, ఒకసారి ఖరారైన పెన్షన్ ఇక పెరగదు. 58 ఏళ్లకి 3,071 అంటే 78 ఏళ్లకీ 3,071. అప్పటికి ఒక గ్యాస్ బండకి, ఓ వారం కూరగాయలకి సరిపోతే గొప్ప. ఇంకా తక్కువ సర్వీసున్న లక్షల మందికి 2014 సెప్టెంబర్‌లో పెట్టిన వెయ్యి రూపాయల కనీస పెన్షనే గతి. దాన్ని 7,500 చేసి పైన డీఏ ఇవ్వమని పెన్షనర్లు ఏళ్ల తరబడి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చుంటున్నారు. వాళ్లు దేశమంతా చెల్లాచెదురుగా ఉన్నారు, ఏ ఒక్క నియోజకవర్గంలోనూ ఫలితాన్ని తారుమారు చేసే బలం లేదు. సామాజిక పింఛనుకి అడ్డం పడుతున్నదీ ఈ ఈపీఎస్ పెన్షనే, వేరే పెన్షన్ వస్తుంటే అది రాదన్నది మామూలు నిబంధన. కట్టినందుకే నష్టపోయినట్టు వాళ్లకి అనిపిస్తే తప్పేముంది?

మీ ఇంట్లో ప్రైవేటు ఉద్యోగం చేసేవాళ్లుంటే రెండు పనులు చెప్పండి. ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ మొత్తం డ్రా చేసుకునే అలవాటు చాలామందికి ఉంది, ఫారం 10సి పెట్టి పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే ఆ సర్వీసు చెరిగిపోయినట్టే, పదేళ్లు నిండకపోతే నెలనెలా పెన్షన్ అన్నదే ఉండదు. పాత కంపెనీల సర్వీసు అంతా ఒకే యూఏఎన్ (ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు) కింద చేరిందో లేదో ఉద్యోగంలో ఉండగానే చూసుకోవాలి, మూతపడ్డ కంపెనీ హెచ్ఆర్‌ని యాభై ఎనిమిదో ఏట ఎక్కడని వెతుకుతారు? రెండోది, యాభై దాటగానే ముందుగా పెన్షన్ తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు ముందైతే ఏడాదికి 4 శాతం చొప్పున అంత కోత, అది శాశ్వతం.

పీఎఫ్ లేనివాళ్లకి ప్రభుత్వం చూపించేది అటల్ పెన్షన్ యోజన. పద్దెనిమిదేళ్లకి చేరితే నెలకి రూ. 210, నలభై ఏళ్లకి చేరితే రూ. 1,454 కట్టాలి, అరవై నుంచి నెలకి ఐదు వేలు గ్యారంటీ. భార్యకి లేదా భర్తకి కూడా అంతే వస్తుంది, ఇద్దరి తర్వాత నామినీకి 8.5 లక్షలు. ఆలోచన మంచిదే. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ ఐదు వేలు చేతికొచ్చేది నలభై రెండేళ్ల తర్వాత. ధరలు ఏడాదికి 5 శాతం పెరుగుతాయనుకున్నా అప్పటి ఐదు వేలు ఇప్పటి ఆరు వందల యాభై కన్నా తక్కువ. ఏమీ లేనిదానికన్నా నయం కదా అంటే అవును, చేర్పించండి, దాన్నే నమ్ముకోవద్దని కూడా చెప్పండి.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లది ఇంకో దారి. పాతికేళ్లు అక్కడ కష్టపడి యాభై ఏళ్లకి తిరిగొస్తే కంపెనీ ఇచ్చే సర్వీసు ముగింపు డబ్బు తప్ప నెలనెలా వచ్చేది ఏమీ ఉండదు, ఇక్కడ పీఎఫ్ ఎటూ లేదు, అటల్‌లో చేరే వయసు నలభైతోనే దాటిపోయింది. అమెరికా వెళ్లిన మనవాళ్లకీ ఓ చిక్కుంది. జీతంలో 6.2 శాతం అక్కడి సోషల్ సెక్యూరిటీకి కట్ అవుతుంది, కానీ నలభై క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్లు, నిండకుండా తిరిగొచ్చేస్తే అంతా గంగపాలు. కొన్ని దేశాలతో ఉన్నట్టు అక్కడి సర్వీసునీ ఇక్కడి సర్వీసునీ కలిపే ఒప్పందం భారత్‌కి అమెరికాతో లేదు.

పింఛన్లన్నీ పోగా మన దగ్గర అసలు వృద్ధాప్య భద్రత ఇప్పటికీ పిల్లలే. దానికీ ఓ చట్టం ఉంది, 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌కి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి పది వేల దాకా ఇప్పించే అధికారం ఉంది, 90 రోజుల్లో తేల్చాలి. ఆ పది వేల పరిమితి కూడా 2007 నుంచి అలాగే ఉంది, చూశారా! కానీ ఈ చట్టంలో పదునైనది 23వ సెక్షన్. చూసుకుంటారన్న షరతుతో ఇల్లో పొలమో పిల్లల పేరు మీద రాసిచ్చాక వాళ్లు చూడకపోతే ఆ రిజిస్ట్రేషన్‌ని రద్దు చేయించుకోవచ్చు. మెలిక ఆ షరతు దగ్గరే. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ షరతు పెట్టినట్టు రుజువు ఉండాలంది, 2025 జనవరిలో ఇంకో కేసులో వృద్ధుల మేలు కోసం తెచ్చిన చట్టాన్ని ఉదారంగా చదవాలంది. కోర్టుల సంగతి ఎలా ఉన్నా, రిజిస్ట్రేషన్ రోజున "మమ్మల్ని జీవితాంతం పోషించాలి" అన్న ఒక్క వాక్యం దస్తావేజులో రాయించుకుంటే ఈ గొడవే ఉండదు. రాయించరు. కన్నకొడుకు మీద నమ్మకం లేనట్టు అవుతుందని మొహమాటం. డాక్యుమెంట్ రైటర్‌కి మాత్రం ఏ మొహమాటమూ లేదు, అడిగితే రాస్తాడు.

వైద్యం గురించి క్లుప్తంగా. 2024 అక్టోబర్ నుంచి 70 దాటినవాళ్లందరికీ, ఆస్తి ఎంతున్నా సరే, ఆయుష్మాన్ కార్డు కింద ఏటా ఐదు లక్షల వైద్యం అన్నారు. ఆసుపత్రిలో చేరితేనే. నెలనెలా వేసుకునే షుగర్ మాత్రలు, మోకాళ్ల నొప్పులు, ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకునే ఖర్చు ఇందులోకి రావు, వృద్ధాప్యంలో డబ్బు కరిగేది అక్కడే. అరవైకీ డెబ్భైకీ మధ్య, తెల్ల కార్డు లేని మధ్యతరగతి మనిషికి చాలాసార్లు సొంత ఇన్సూరెన్సే గతి. ఆ ప్రీమియం అడ్డగోలుగా పెంచకుండా 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కాస్త పగ్గం వేసింది, తమని సంప్రదించకుండా ఏడాదికి పది శాతం మించి పెంచకూడదని.

రాబోయే రోజుల సంగతికొస్తే, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక్కో మహిళకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అందుకే 2024లో చంద్రబాబు ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని ఆంధ్ర ఎత్తేసింది. కనండి, మంచిదే. 2025లో పుట్టిన పిల్లాడు 2047లో ఉద్యోగంలో చేరతాడు. సరిగ్గా ఆ ఏడాది అరవైలోకి వచ్చేది 2025లో ముప్పై ఎనిమిదేళ్లున్నవాళ్లు. వాళ్లలో ఎంతమంది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బైక్ మీద పార్సిళ్లు తిప్పుతూ, పీఎఫ్ లేకుండా, తెల్ల కార్డు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా ఉన్నారు? వాళ్ల కోసం 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఒక ఏర్పాటు పెట్టారు, యాప్ కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఒక నిధికి వేయాలి, అదీ ఆ పనివాళ్లకి చెల్లించేదాంట్లో 5 శాతం మించకుండా. కంపెనీ ఎంత వేయాలో చట్టంలో ఇంత వివరంగా ఉంది. అరవై దాటిన డెలివరీ మనిషికి నెలకి ఎంత ఇవ్వాలో మాత్రం అందులో అంకె లేదు.